పన్నెండు సెట్లు, ఆరు బొట్లు

దేవసహాయం అన్న పోయినాడన్న కబురు నాకు ఫోనులో వచ్చింది. చెప్పింది మా జయరామ మామ కొడుకు రవి బావ. విన్న వెంటనే నాకు దుఃఖం రాలేదు, అనుమానం వచ్చింది. దేవసహాయం మా మామ కొట్లో బ్యాటరీలు చార్జి చేసిన మనిషి. ముప్పై ఏళ్ళ పైచిలుకుగా మా ఇళ్ళల్లో ఎవరూ ఎత్తని పేరు అది. ఆ పేరు ఈ బావ ఇవాళ నాకెందుకు చెబుతున్నాడు? ఇతనికి ఏం తెలుసు? ఎంతవరకు తెలుసు? "వాళ్ళూరు వెంగల్లో పోయిన వారమే అయిపోయిందంట. నీకు చెప్పాలనిపించినాది, చెప్పినా," అన్నాడు. "నాకే ఎందుకు చెప్పాలనిపించింది?" అన్నాను. "నీతో మాట్లాడేదానికంటే పోలీస్ స్టేషన్‌లో సంతకం పెట్టేది మేలు తల్లీ. ఆ రోజు నిన్ను చేసుకోకుండా తప్పించుకున్నానే, దేముడు నా పక్కనుండాడు," అని నవ్వి పెట్టేశాడు. చెవి దగ్గర ఫోను కాలుతోంది. వేడి ఎక్కువైంది, చల్లారనివ్వండి అని తెర మీద వచ్చింది. సరేనని ఫోనును తీసుకెళ్ళి కిటికీలో గాలికి పెట్టాను. అది చెప్పింది, నేను నమ్మాను. అందులో ఆలోచించాల్సింది ఏముందని ఆ క్షణం అనుకున్నాను.

అనుమానం మా ఇంట్లో ఒక పని. ఇల్లు ఊడ్చినట్టు, కల్లాపి చల్లినట్టు అదీ రోజూ చెయ్యాల్సిందే. నేర్పింది మా అవ్వ, అమ్మకు అమ్మ. తిరువళ్ళూరులో మామ కొట్టు వెనకవైపు రెండు గదుల్లో ఉండేవాళ్ళం మేము. మా నాయన ఆవడి పక్క ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. ఇంటి పెత్తనమంతా అవ్వదే. బియ్యం పిండి డబ్బాలో చదును చేసి దాని మీద వేలితో ఒక గీత గీసి మూత పెట్టేది. మర్నాడు మూత తీసి ఆ గీత అలాగే ఉందా లేదా చూసుకునేది. కిరసనాయిలు టిన్ను మీద బొగ్గుతో గుర్తు. ఊరగాయ జాడీ గుడ్డకు కట్టిన దారం ముడి ఆమెకు తప్ప ఎవరికీ రాదు. పాలు పోసే అతను వస్తే చిటికెన వేలు ముంచి, గోటి మీద చుక్క నిలబడుతుందా అని చూసి, నిలబడినా సరే "ఈ దినం సరిగా ఉండాది, నిన్న ఏమాయె?" అని అడిగేది. గుర్తు పెట్టడం కంటే ముఖ్యమైన పాఠం ఇంకోటి చెప్పేది. "గుర్తు పెట్టినానని దొంగోనికి ఎప్పుడూ చెప్పగూడదే. చెప్పినావంటే ఆ గుర్తు పాడాయె. చెప్పకుంటే మళ్ళా మళ్ళా పనికొస్తాది." నేను ఆ ముసలిదాని మనవరాలిని. ఇప్పటికీ కూరగాయలవాడి తక్కెడ ముల్లు చూడకుండా సంచీ పట్టను.

కొట్టు ముందు భాగమంతా మైకుసెట్లు. పెళ్ళిళ్ళకు, గుళ్ళకు, చర్చీ కూటాలకు అద్దెకిచ్చేవాడు మామ. పొద్దున్నే షట్టరు ఎత్తితే సోల్డరింగు చేసేటప్పుడు కాలిన గుగ్గిలం వాసన, దుమ్ము పట్టిన స్పీకర్ల లోపలి అట్ట వాసన, వెనక నుంచి అవ్వ పొయ్యి పొగ మూడూ కలిసి వచ్చేవి. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించి ఉద్యోగం దొరక్క మామ బల్ల దగ్గర రిపేర్లకు కూర్చున్నాను. దేవసహాయం అన్న కూర్చునేది ఎదురు మూల, చార్జరు దగ్గర. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి అప్పటికి. వెంగల్ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. బ్యాటరీని చేతిలోకి తీసుకోగానే ముందు చెంపకు ఆనించి చూసేవాడు, చంటిబిడ్డకు జ్వరం చూసినట్టు. ఆ తర్వాతే చార్జరుకు పెట్టేవాడు. మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరిచి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటే, అవ్వ కిటికీలోంచి చూస్తూ "అంతసేపు ఏం అడగతాడో వాడు," అనేది. నన్ను పాపా అని, మామను యజమాని అన్నట్టు ముదలాళీ అని పిలిచేవాడు. నేను అన్నా అనేదాన్ని. ఎవరి గురించీ చెడ్డగా మాట్లాడని మనిషి. నాకు ఆ ఒక్క గుణం మీదే అనుమానంగా ఉండేది.

మామ ఆ రోజుల్లో అప్పు చేసి, పర్మిషన్ కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, పన్నెండు చేతి వైర్‌లెస్ సెట్లు కొన్నాడు. తిరుత్తణి కొండ మీద ఆడి కృత్తిక ఉత్సవానికి కావళ్ళు ఎత్తుకుని జనం ఎలా వస్తారో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పైనుంచి "ఇంక పంపద్దు" అన్న మాట కింద మెట్ల మొదట్లో ఉన్న వాలంటీరుకు వినపడకపోతే, పైన తొక్కిడి మొదలవుతుంది. అందుకని ఉత్సవం చూసుకునే పెద్దలు సెట్లు మామ దగ్గర అద్దెకు తీసుకున్నారు. మొదటి ఏడాదే చిక్కొచ్చింది. పైన మాట్లాడితే కింద గరగర తప్ప మాట రాలేదు. వచ్చే ఏడాదికి సరిగా వినపడకపోతే వేరేవాళ్ళను చూసుకుంటామని వాళ్ళు చెప్పేశారు. మామ నావైపు తిరిగి, "చదివినావు గదా కామాక్షీ, దానికి బలం పెంచు," అన్నాడు.

బలం పెంచాను. సెట్టు లోపల చివర్న ఒక చిన్న ట్రాన్సిస్టరు ఉంటుంది. మన మాటను బలంగా చేసి ఏరియల్‌కు అందించేది అదే. దాన్ని పవర్ ఆంప్లిఫైయర్ అంటారు. బ్యాటరీ ఇచ్చిన కరెంటులో కొంత మాటగా గాలిలోకి పోతుంది, మిగిలింది వేడిగా పోతుంది. మాటగా పోయేది ఎక్కువ, వేడిగా పోయేది తక్కువ అయితే అది మంచి సెట్టు. ఇంతే విషయం. దాని పక్కన స్క్రూలాంటివి రెండు ఉంటాయి, అవి తిప్పి సరిచెయ్యాలి. నేను ఏరియల్ దగ్గర మీటరు తగిలించి, ముల్లు ఎంత పైకి పోతే అంత గొప్ప అనుకుని తిప్పాను. ముల్లు వెంట్రుక వాసి పైకి లేచినప్పుడల్లా నాకు ఒళ్ళు పొంగిపోయేది. అదే సమయంలో బ్యాటరీ నుంచి ఎంత లాగుతోందో చూడ్డానికి ఇంకో మీటరు తగిలించాలి. అది చార్జరు దగ్గర, దేవసహాయం అన్న మూలలో ఉంది. లేచి వెళ్ళి అడిగి తెచ్చుకోవడం నాకు నామోషీ అనిపించింది. డిప్లొమా చదివింది నేను, ఆయన చదివింది ఎనిమిది. పన్నెండు సెట్లూ అలాగే తిప్పేశాను. తిరువళ్ళూరు స్టేషను దగ్గర నిలబడి మాట్లాడితే రైలు గేటుకు అవతల ఖణేల్మని వినపడింది. మామ నాకు మైసూరుపాకు కొనిపెట్టాడు.

ఆడి కృత్తిక మొదటి రోజు దేవసహాయం అన్న సెట్లను రెండు రెక్సిన్ సంచుల్లో వేసుకుని మొదటి రైలుకు తిరుత్తణి వెళ్ళాడు. ఆడపిల్లను ఆ గుంపులోకి పంపనని అవ్వ అనడంతో నేను కొట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం కాకముందే తిరుత్తణి నుంచి ఫోను. సెట్లు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. సాయంత్రందాకా రావాల్సిన బ్యాటరీలు పూజ వేళకే నిండుకున్నాయి. పైన మెట్ల మలుపులో ఒక ముసలామె కింద పడి, నలుగురూ పైకి లాగేదాకా ఊపిరి ఆడలేదట. మామ ముఖం తెల్లబోయింది. సాయంత్రం దేవసహాయం అన్న వచ్చి సంచులు దించాడు. "సెట్టు కాలతా ఉండాది పాపా. చెయ్యి పెట్టి చూడు. బ్యాటరీలో తప్పు లేదు," అన్నాడు. అప్పటికి సెట్లు చల్లారిపోయి ఉన్నాయి. చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే బ్యాటరీలో తప్పు లేదని ఈయన ఎందుకంటున్నాడు? ఆ ఆలోచన వచ్చింది చూడండి, ఇంక వదల్లేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. బ్యాటరీలన్నీ కొత్తవి. పాత మైకుసెట్ల బ్యాటరీలు గోనెసంచీ నిండా అటక మీద ఉన్నాయి. పైకి రెండూ ఒకటే నల్ల డబ్బా. కొత్తవాటిని చెన్నై బజారులో అమ్మేసి పాతవి పెడితే ఎవరికి తెలుస్తుంది?

బ్యాటరీలు చార్జికి పెట్టి రాత్రి కొట్లోనే పడుకున్న ఆయన మర్నాడు తెల్లవారి మొహం కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నేను గుర్తు పెట్టాను. అప్పట్లో పెళ్ళికాని పిల్లలం ఎర్ర బొట్టు కింద ఆవగింజంత నల్ల స్టిక్కరు బొట్టు పెట్టుకునేవాళ్ళం. నా అట్టలో ఆరే మిగిలాయి. బ్యాటరీలు పన్నెండు. గోళ్ళ కత్తెరతో ఒక్కోదాన్ని సగానికి కత్తిరించి, ఒక్కో బ్యాటరీ లోపలివైపు, సెట్టుకు ఆనుకునే ముఖాన, మూల మీద అంటించాను. నల్ల డబ్బా మీద నల్ల బొట్టు, అది కూడా సగం. పక్కన కూర్చోబెట్టి చూపించినా కనపడదు. అవ్వకు మాత్రం చెవిలో చెప్పాను. "నా మనవరాలివి అనిపించినావే," అని మెటికలు విరిచింది. ఆయన పౌడరు వేసుకుని, ఉత్సవానికని భార్య సుగుణక్క గంజి పెట్టి ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కా వేసుకుని, సంచులు భుజాన వేసుకుని వెళ్ళాడు.

రెండో రోజూ సెట్లు మధ్యాహ్నానికే పడుకున్నాయి. సాయంత్రం ఆయన ఊడదీసిన బ్యాటరీలను విడిగా, సెట్లను విడిగా తెచ్చాడు. నేను ఒక్కో బ్యాటరీనీ లైటు కింద తిప్పి చూశాను. అయిదింటి మీద సగం బొట్లు ఉన్నాయి. ఏడింటి మీద లేవు. మామను వెనక గదిలోకి పిలిచి, "ఏడు మార్చేసినాడు మామా. నా దగ్గర గుర్తుంది," అన్నాను. ఏం గుర్తు అని మామ అడగలేదు. మొదటి రోజు నుంచీ ఎవరో ఒకరి మీద పడడానికి కోపం కాచుకుని ఉంది ఆయన దగ్గర. బయటికి వచ్చి, "ఏంరా దేవసహాయం, పదేండ్లు అన్నం పెట్టినదానికి ఇదా? యాడ అమ్మినావు?" అన్నాడు. ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నేనేం అమ్మలేదు ముదలాళీ. సెట్టు కాలతా ఉండాది. ఎక్కువ మాట్లాడినోళ్ళ సెట్టు ఎక్కువ కాలతాది. నేను చేత పట్టి చూసినా," అన్నాడు. దొంగకు నోరెక్కువ అనుకున్నాను నేను. ఎక్కువ మాట్లాడినవాళ్ళ సెట్లు అన్నాడే, ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. "రేపటి నించి రావద్దు," అన్నాడు మామ. దేవసహాయం అన్న నడుముకు కట్టుకున్న కొట్టు తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టాడు. నా వైపు తిరిగి, "నువ్వు గూడా నమ్మతా ఉండావా పాపా?" అన్నాడు. నేను బ్యాటరీలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను. సైకిలు స్టాండు తీసిన చప్పుడు విని తల ఎత్తాను.

మూడో రోజుకు మామ ఎవరి కాళ్ళావేళ్ళా పడో చెన్నై నుంచి వేరే సెట్లు తెప్పించి గండం గట్టెక్కించాడు. ఆ తర్వాత చార్జరు మూల నాకు వచ్చింది. వారం తిరక్కముందే నాకు తెలిసిపోయింది. పాతవని నేను అనుకున్న ఆ ఏడు బ్యాటరీలు కొత్తవాటితో సమానంగా చార్జి పట్టాయి. అటక ఎక్కి గోనెసంచీ దించి లెక్కపెట్టాను, పాతవి ఒక్కటీ తగ్గలేదు. అప్పుడు, ముందే చెయ్యాల్సిన పని చేశాను. ఆయన మూలలోని మీటరు తెచ్చి సెట్టుకు తగిలించి, మాట్లాడే మీట నొక్కాను. కరెంటు ముల్లు రయ్యిన లేచి చివరిదాకా పోయి కొట్టుకుంది. లాగాల్సినదానికి దాదాపు రెట్టింపు లాగుతోంది. మీట వదలకుండా పట్టుకునే ఉన్నాను. కాసేపటికి సెట్టు వీపున ఉన్న నల్లరేకు చెయ్యి పెట్టలేనంత కాలింది. జిగురు వాసన వచ్చింది. బ్యాటరీ ఊడదీసి లైటు దగ్గరికి తెచ్చి చూస్తే, అది ఆనుకునే ఆ రేకు అడుగున, గాడిలోకి జారి, నా సగం బొట్టు. వేడికి జిగురు కరిగి బ్యాటరీని వదిలి రేకును పట్టుకుంది. పన్నెండు సెట్లూ తిప్పి చూశాను. ఆరు సెట్లలో ఆరు సగాలు దొరికాయి.

ఏడోది దొరకలేదు. సెట్టు విప్పి చూశాను, సంచులు దులిపాను, కొట్టు ఊడ్చిన చెత్త కూడా చాటలో పోసి వెతికాను. నిజం చెబుతున్నాను, ఆ ఏడోది దొరకనందుకు నాకు ఊరట కలిగింది. ఒక్కటైనా మార్చి ఉండవచ్చు కదా. మామ దగ్గరికి వెళ్ళి, "సెట్లు కరెంటు వృథా చేస్తా ఉండాయి మామా, సరిచేస్తా," అన్నాను. నేనే చెడగొట్టానని అనలేదు. మామ నా ముఖం చూసి, "అయితే దేవసహాయం?" అన్నాడు. "ఆరు లెక్క తేలింది. ఒకటి తేలలేదు," అన్నాను. మామ నిట్టూర్చి, "ఒకటి తీసినోడు ఏడూ తీస్తాడు," అన్నాడు. ఆయనకూ ఆ మాటే కావాల్సి వచ్చింది. ఒకసారి వెళ్ళగొట్టిన మనిషిని పిలిచి తప్పయిపోయిందని అనడం అంత తేలిక కాదు. అవ్వ ఒక్కతే, "గుర్తు అబద్ధం చెప్పదే," అంది. అది ఏ అర్థంతో అందో నేను అడగలేదు.

సెట్లు మాత్రం బాగుచేశాను, ఆరు నెలలు పట్టింది. ఈసారి రెండు మీటర్లూ పక్కపక్కన పెట్టుకున్నాను. గాలిలోకి పోయే బలం ఒక పిసరు తగ్గిస్తే బ్యాటరీ లాగుడు సగానికి పడిపోయే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని ప్రతి సెట్టులోనూ వెతికి పట్టుకున్నాను. తక్కువ ధరకని మామ తెచ్చిన ఏరియళ్ళు సెట్టుకు సరిపోయేవి కావు. ఇచ్చిన బలాన్ని తిప్పికొట్టి వేడి చేసేవి. వాటిని కొలిచి కత్తిరించాను. మిగిలింది అవ్వ పొయ్యి దగ్గర తట్టింది. అన్నం పొంగు రాగానే అవ్వ కట్టె వెనక్కి లాగేది. "పొంగినంక గూడా మంటేస్తే అన్నం బిన్నా ఉడకదే, కుండ మాడతాది," అనేది. పక్క మెట్టు మీద ఉన్నవాడితో మాట్లాడడానికి కొండ దాటే మంట ఎందుకు? దగ్గరికి ఒక మంట, దూరానికి ఒక మంట అని సెట్టుకు స్విచ్చు పెట్టాను. తర్వాతి ఆడి కృత్తికకు సెట్లు పొద్దుగూకేదాకా పలికాయి. మామ "మా మేనకోడలు" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ పేరుతోనే నాకు చేతి సెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. రిటైరయ్యేదాకా అక్కడ ఇదే పని చేశాను, ఆంప్లిఫైయర్ తిన్నదెంత, పెట్టిందెంత అని లెక్క చూడడం. నా బతుకంతా ఆ ఏడు బ్యాటరీల మీద నిలబడింది. దేవసహాయం అన్న వెంగల్లో సైకిళ్ళకు పంక్చర్లు వేసుకున్నాడని విన్నాను. ఊత్తుకోట బస్సులో ఒకటి రెండుసార్లు దూరం నుంచి చూశాను కూడా. చూసి, ముందు సీటుకు మారిపోయాను.

ఇప్పటి ఫోన్లలో ఉన్నది అవ్వ పద్ధతే. ఎంత మాటకు అంత మంట అని సెకనులో లెక్కలేనన్ని సార్లు కట్టె ముందుకు తోసి వెనక్కి లాగుతుంటాయి. అయినా వేడెక్కితే తామే చెబుతాయి, ఆగమంటాయి, మనం ఆగుతాం. కబురు తెలిసిన రోజు కిటికీలో పెట్టిన ఫోను చూస్తూ కూర్చున్నాను. రాయిలాంటి ఫోను చెబితే మారుమాట లేకుండా నమ్మినదాన్ని. ఆ రోజు ఒక మనిషి నా ఎదురుగా నిలబడి రెండుసార్లు అదే మాట చెప్పాడు, ఇంత చదువూ పెట్టుకుని నేను నమ్మలేదు. మర్నాడు బావకు ఫోను చేసి, వెంగల్ తీసుకెళ్ళమన్నాను. "ఎందుకు?" అన్నాడు. "అనుమానం నాకు వదిలెయ్, నువ్వు బండి తియ్," అన్నాను.

సుగుణక్కను నేను అంతకుముందు రెండు మూడు సార్లే చూశాను. డెబ్బయ్యేళ్ళకు దగ్గర పడిన మనిషి, బోడి నుదురు, తెల్లచీర. వాళ్ళలో బొట్టు పెట్టుకోరు కాబట్టి ఆ నుదురు ఎప్పుడూ అంతే. నన్ను గుర్తుపట్టి, "మైకుసెట్టు ఇంటి పాపవా? వా అమ్మా, కూర్చో," అని కుర్చీ తుడిచి వేసింది. కాఫీ ఇచ్చింది. చెప్పాల్సినదాన్ని దారంతా పేర్చుకుని వెళ్ళాను. తీరా కూర్చున్నాక, "అన్న ఫోటో ఉందా అక్కా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. ఆమె మంచం కింది నుంచి ఇనప పెట్టె లాగి మూత ఎత్తింది. ఆదివారం చర్చికి వేసుకునే ఆయన చొక్కాలు మడతలు పెట్టి ఉన్నాయి. వాటి మీద ఫోటో. నేను ఫోటో చూడలేదు. మూత లోపలివైపు, కంటికి ఎదురుగా, నీలం పెయింటు మీద అంటించి ఉంది ఒక నల్లటి సగం బొట్టు.

నేను దాన్నే చూస్తున్నానని ఆమె కనిపెట్టింది. "అదా," అంది. "చచ్చినోని మీద చెప్పగూడదు. అయినా నువ్వు ఇంటి మనిషి మాదిరి. తిరుత్తణి కొండకి పోయొచ్చిన దినం ఆయన చొక్కా జేబు మీద అంటుకోని ఉండాది. మా ఇంట్లో బొట్టెవురు పెడతారమ్మా? పెండ్లిగాని పిల్లలు పెట్టేది గదా అది, నల్లది. ఆ దినమే పని పోయింది. బ్యాటరీలు అమ్మినాడని ఊరంతా చెప్పిరి. నేను రెండూ కలిపినా. అమ్మిన దుడ్లు ఎవురికి ఇచ్చినావు, ఆ పిల్ల ఎవురు అని అడిగినా. నాకు తెలీదు సుగుణా, గుంపులో అంటుకుందేమో అన్నాడు. గుంపులో అంటుకుంటే సగం ఎట్ల అంటుకుంటాది? మిగతా సగం ఆ పిల్లకాడ ఉండాదని అనుకున్నా. ఆయన చూడాలనే ఈడ అంటించినా. ప్రతి ఆదివారం చొక్కా తీసేటప్పుడు చూసేవాడు. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పినాడు, తెలీదని. చివరి దినాన గూడా అడిగినా నేను, ఇప్పుడన్నా చెప్పిపో అని."

ఏడోది. చాటలో పోసి వెతికాను కదా, అది ఇక్కడుంది. కాలుతున్న బ్యాటరీలు ఊడదీసి రొమ్ముకు ఆనించి మోసిన మనిషి చొక్కాకు అంటుకుని, ఆ చొక్కాకు గంజి పెట్టిన భార్య చేతుల్లోకే వచ్చింది. నేను గుర్తు ఏమిటో చెప్పి ఉంటే ఆయన తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు, భార్యకూ చెప్పుకునేవాడు. లోకంలో ఆ బొట్టు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "అది నాదక్కా," అన్నాను. ఆమె ముఖం ఎలా మారిందో చూసి నాకు భయం వేసింది. కుర్చీ దిగి నేల మీద కూర్చుని, గబగబా, ముందూ వెనకా కలిపి మొత్తం చెప్పాను. కత్తెర, పన్నెండు సగాలు, నేను తిప్పిన స్క్రూలు, కాలిన రేకు, దొరికిన ఆరు, దొరకని ఒకటి, నేను మింగేసిన మాట. బావ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. చెప్పడం అయ్యాక ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"ఎంత కాలేది ఆ సెట్టు?" అని అడిగింది.

"చెయ్యి పెట్టలేనంత అక్కా."

"చొక్కా విప్పినప్పుడు ఆయన రొమ్ముకాడ ఎర్రగా కందిపోయి ఉండెనే అని చూసినా నేను. అది గూడా వేరే అనుకుంటిని," అంది. మా ఇద్దరికీ ఆయన తనకు తెలిసిన నిజమే చెప్పాడు. ఇద్దరం నమ్మలేదు.

నేను లేచి పెట్టె దగ్గరికి వెళ్ళి ఆ సగం బొట్టును గోటితో గీకబోయాను. దాన్ని అక్కడ ఇంకొక్క నిమిషం చూడలేననిపించింది. సుగుణక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"వద్దు పాపా. ముప్పై ఏండ్లు ఆయన చూసినాడు. ఇంక నేను చూడాల," అని మూత దించింది.